సఖి సెంటర్‌లో వాళ్ళకీ ఓ కుర్చీ వెయ్యండి

మొగుడు కొడితేనో, తెలిసినవాడే ఘోరం చేస్తేనో ఒక ఆడమనిషి ధైర్యం చేసి బయటికొచ్చిందనుకోండి, జరిగింది ఎన్నిసార్లు చెప్పాలో ఎవరైనా లెక్కేశారా. స్టేషన్‌లో రైటర్‌కి ఓసారి, ఎస్సైకి ఓసారి, ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌కి, ఆ తర్వాత కేస్ వర్కర్‌కి, కౌన్సెలర్‌కి, లాయర్‌కి, నేరం పెద్దదైతే మేజిస్ట్రేట్ ముందు స్టేట్‌మెంట్ (ఇదివరకు సెక్షన్ 164 అనేవాళ్ళం, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 183 అయ్యింది), ఆ పైన కోర్టు ఉండనే ఉంది. ఎదురుగా కూచున్న మనిషి మారతారు గానీ ప్రశ్న మారదు, అసలేం జరిగిందో మొదట్నుంచి చెప్పమ్మా అంటారు. నాలుగో చోటికొచ్చేసరికి మనిషి మొద్దుబారిపోతుంది, తారీఖులు తప్పుతాయి, కంట్లో నీళ్ళు కూడా రావు, అది చూసి ఈమె చెప్పేది నమ్మేటట్టు లేదే అనుకునేవాళ్ళూ ఉంటారు.

ఈ తిప్పట తప్పించడానికే 2015లో కేంద్రం నిర్భయ నిధితో సఖి వన్ స్టాప్ సెంటర్లు పెట్టింది. పోలీసు, వైద్యం, లాయర్, కౌన్సెలింగ్, కొన్ని రోజులు తలదాచుకునే చోటు అన్నీ ఒకే దగ్గర దొరకాలన్నది ఆలోచన. హైదరాబాద్‌లో 2016లో పోలీసులు మొదలెట్టిన భరోసా సెంటర్‌ది కూడా ఇదే దారి. మంచి పనే, కాదనం. కానీ సఖి సెంటర్ పోస్టుల లిస్టు ఓసారి చూడండి, అడ్మినిస్ట్రేటర్ ఉన్నారు, కేస్ వర్కర్లున్నారు, కౌన్సెలర్, ఆఫీసు పని చూసేవాళ్ళు, సెక్యూరిటీ గార్డు, అందరూ ఉన్నారు, ఇదే బాధ పడి లేచి నిలబడ్డ మనిషికి మాత్రం అందులో చోటు లేదు. మేం అడిగేది ఆ ఒక్క పోస్టు, పీర్ సపోర్టర్ అంటారు, అంటే అదే బాధ దాటొచ్చి తోటివాళ్ళకి తోడుండే మనిషి. వాలంటీర్ కాదు, ట్రైనింగ్ ఇచ్చి, నెల తిరిగేసరికి జీతం వేసే పోస్టు.

పీర్ సపోర్టర్ అనగానే ఇదేదో అమెరికా నుంచి దిగిన ఫ్యాషన్ అనుకోకండి. నిజమే, 1999లోనే అక్కడి జార్జియా రాష్ట్రం మెడికెయిడ్ (పేదల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) డబ్బుల్లోంచి పీర్ సపోర్ట్‌కి చెల్లించడం మొదలెట్టింది, మిగతా రాష్ట్రాలు తర్వాత అందుకున్నాయి. కానీ మన దగ్గర హెచ్ఐవి రోజులు గుర్తు తెచ్చుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పుడు దేశంలో కేసులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి, జీపు ఆగితేనే జనం తలుపులేసుకునే రోజుల్లో సెక్స్ వర్కర్ల దగ్గరికెళ్ళి మాట్లాడింది తోటి సెక్స్ వర్కర్లే, 60 మందికి ఒక పీర్ ఎడ్యుకేటర్ చొప్పున ప్రాజెక్టులు నడిచాయి. 2004లో హెచ్ఐవిని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక కూడా అంతే, మొదట్లో తల తిరుగుతుంది, వాంతులొస్తాయి, తట్టుకో, అలవాటైపోతుంది అని ఆ మందులు మింగుతున్న మనిషి చెప్తే విన్నంతగా డాక్టర్ చెప్తే ఎవరు విన్నారు? డ్వాక్రా సంగతి సరేసరి. సంఘాల్లోంచి పైకొచ్చిన ఆడవాళ్ళని ప్రభుత్వ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా తయారుచేసి బీహార్ దాకా పంపింది, హిందీ కూడా సరిగ్గా రాని మన పల్లెటూరి ఆడవాళ్ళు అక్కడ ఊళ్ళల్లో మకాం పెట్టి సంఘాలు కట్టించి వచ్చారు. అటు గుజరాత్‌లో 2014 ప్రాంతంలో క్వాలిటీ రైట్స్ పేరుతో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో మొదలెట్టిన ప్రాజెక్టులో కోలుకున్న పేషంట్లనే పీర్ సపోర్ట్ వాలంటీర్లుగా పెట్టారు. కాబట్టి సాధ్యమా కాదా అన్న చర్చ ఎప్పుడో అయిపోయింది.

పీర్ సపోర్టర్ వల్ల ఒరిగేదేంటి అంటారా. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్ళి, ఆ ఇంట్లో హింస తట్టుకోలేక కల్లివెల్లి అయ్యి, అంటే యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కొన్నాళ్ళు ఎవరి గదిలోనో దాక్కుని, చివరికి ఎంబసీ చుట్టూ తిరిగి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళకి ఇంటికి రావడానికిచ్చే కాగితం) మీద ఇంటికొచ్చిన మనిషిని తీసుకోండి. ఆమెని సైకాలజీలో పీజీ చేసిన పాతికేళ్ళ కౌన్సెలర్ ముందు కూచోబెడితే, ఆ అమ్మాయి మంచిదే, ఓపిగ్గానే వింటుంది, కానీ అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) ఏంటో, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఫోనూ పాస్‌పోర్టూ లాక్కుంటే ఏమవుతుందో, అన్నీ ఈమే విడమర్చి చెప్పుకోవాలి, అంటే మళ్ళీ మొదట్నుంచి కథ. అదే దారిలో వెళ్ళొచ్చిన ఇంకో ఆడమనిషి పక్కన ఉంటే ఇవేవీ అడగదు. ఏజెంటుకి ఇంకా ఎంత కట్టాలక్కా అంటుంది. ఇంటికొచ్చాక రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఆ బాకీ అని ఆమెకి తెలుసు కాబట్టి.

అలాగని అనుభవం ఉంది కదా అని పిలిచి కుర్చీలో కూచోబెట్టేస్తే పని అయిపోదు, ఇక్కడే మనవాళ్ళు తొందరపడతారేమోనని మా భయం. ఏట్లో పడి బయటపడ్డ ప్రతి మనిషీ ఇంకొకర్ని ఒడ్డుకి లాగలేరు, ఈదడం నేర్చుకోకుండా దూకితే ఇద్దరూ మునుగుతారు. ట్రైనింగ్ అంటే రెండ్రోజులు హోటల్ హాల్లో పీపీటీ చూపించి, భోజనం పెట్టి, గ్రూప్ ఫొటో దిగి సర్టిఫికెట్ ఇచ్చి పంపడం కాదు. అన్నిటికంటే ముందు నేర్పాల్సింది సొంత కథ ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది. నాకూ ఇలాగే అయ్యిందమ్మా అన్న ఒక్క మాట చాలాసార్లు సరిపోతుంది, అక్కణ్ణుంచి అరగంట తన సంగతే చెప్పుకుంటూ పోతే వచ్చిన మనిషే ఈమెని ఓదార్చాల్సొస్తుంది. దానికంటే పెద్ద చిక్కు సలహాలు. నేను వదిలేసి వచ్చా, హాయిగా ఉన్నా, నువ్వూ వదిలెయ్ అని నోటిదాకా వస్తుంది, కానీ ఎదురుగా ఉన్నామె ఇవాళ రాత్రి ఆ ఇంటికే వెళ్దామనుకుంటోంది, అది ఆమె నిర్ణయం. అప్పుడు చెయ్యాల్సిన పని ఆమెతో కూచుని, ఆధార్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఎవరింట్లో దాచాలి, గొడవ మొదలైతే పక్కింట్లో ఎవర్ని పిలవాలి, పిల్లలు ఎటు పరిగెత్తాలి, ఇవన్నీ ఒక్కొక్కటీ ఖాయం చేసుకోవడం.

గదిలో ఎలా మసలుకోవాలో కూడా నేర్పాలి. తలుపు దగ్గరి కుర్చీ వచ్చిన మనిషికి ఇవ్వాలి, గడియ పెడితే పెట్టమంటావా అని అడిగి పెట్టాలి, వెనకనుంచి వచ్చి పిలవకూడదు, అడక్కుండా భుజం మీద చెయ్యి వెయ్యకూడదు. ఈ చివరిది మనవాళ్ళకి అన్నిటికంటే కష్టం, ఏడుస్తున్న మనిషిని దగ్గరికి తీసుకోకపోతే రాయి అనుకుంటారు మనల్ని. అంత రాత్రప్పుడు ఎందుకెళ్ళావ్, ముందే ఎందుకు చెప్పలేదు లాంటి ప్రశ్నలు నాలుక మీదకి రాకూడదు. అలాగే ఎవరికీ చెప్పనులే అని ఒట్టు వెయ్యకూడదు, ఎందుకంటే 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చచ్చిపోవాలనిపిస్తోంది అని ఎవరైనా అంటే ఆ రాత్రి ఆమెని ఒంటరిగా వదలకూడదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కలపాలి, సూపర్‌వైజర్‌కి చెప్పాలి. ఏది దాచగలనో ఏది దాచలేనో మొదటి పది నిమిషాల్లోనే చెప్పెయ్యడం నిజాయితీ.

వాళ్ళే ఇంకా కోలుకోలేదు, వాళ్ళకే గాయం మళ్ళీ రేగుతుంది కదా అని కొందరు కౌన్సెలర్లు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. గాయం ఇంకా పచ్చిగా ఉన్నవాళ్ళని తీసుకోకూడదు, తీసుకున్నవాళ్ళని వారానికోసారైనా అనుభవమున్న మనిషి కూచోబెట్టి మాట్లాడాలి, ఏదైనా కేసు తన కథకి మరీ దగ్గరగా ఉంటే ఇది నేను చూడలేను అని చెప్పే హక్కు ఉండాలి, అలా చెప్పినందుకు మెమో రాకూడదు. సొంత మండలం కేసులు అస్సలు ఇవ్వకూడదు, చిన్న ఊళ్ళల్లో సఖి సెంటర్ గుమ్మం ఎక్కితేనే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. కౌన్సెలర్ పని తీసి వీళ్ళకి ఇమ్మని మేం అనట్లేదు, ఆసుపత్రిలో వరసలో నిలబడే నాలుగ్గంటలు, కోర్టు వరండాలో కూచునే పూట ఆమె పక్కన మనిషి ఉండాలి అంటున్నాం, ఆ గంటలు కౌన్సెలర్ దగ్గర లేవు.

ఇక డబ్బు సంగతి. 2005లో ఊళ్ళల్లో ఆరోగ్యం పని చూసే ఆశా వర్కర్లని వాలంటీర్లు అన్నాం, ఇప్పటికీ కాగితం మీద వాళ్ళు వాలంటీర్లే, జీతం కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కారో అందరం చూస్తూనే ఉన్నాం. పీర్ సపోర్టర్లని కూడా అదే గుంటలో దింపకండి. మహిళా దినోత్సవం నాడు స్టేజి ఎక్కించి కథ చెప్పించి, కెమెరాల ముందు ఏడిపించి, శాలువా కప్పి ఆటో చార్జీలిచ్చి పంపేసే అలవాటు మన శాఖలకి బాగానే ఉంది, దానికి పీర్ సపోర్ట్ అని పేరు పెట్టుకోనక్కర్లేదు.

పోస్టు ఇచ్చినా అడ్డుపడేవి రెండున్నాయి, ఇవి ఇప్పుడే తేల్చాలి. ఒకటి చదువు. పదమూడేళ్ళకి పెళ్ళి చేసేసిన పిల్లకి డిగ్రీ ఎక్కణ్ణుంచొస్తుంది, అప్లికేషన్‌లో డిగ్రీ తప్పనిసరి అన్నారంటే ఎవరి కోసం పోస్టు పెట్టారో వాళ్ళే బయట ఉండిపోతారు. చదవడం రాయడం వస్తే చాలు అనాలి, మిగతాది ట్రైనింగ్ చూసుకుంటుంది. రెండోది పోలీస్ వెరిఫికేషన్, దీన్ని ఎవరూ పట్టించుకోరు. అమ్ముడుపోయి వ్యభిచార గృహాల్లో మగ్గిన ఆడవాళ్ళ మీద 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టంలోని సెక్షన్ 8 కింద, అదే విటుల్ని పిలిచారని, పోలీసు రైడ్లలో కేసులు పెట్టడం మన దగ్గర మామూలైపోయింది, రేపు ఉద్యోగానికి వెరిఫికేషన్ పంపితే ఆ కేసే బయటికొచ్చి దరఖాస్తు పక్కన పడేస్తారు. రెండు రాష్ట్రాల స్త్రీ శిశు సంక్షేమ శాఖలూ ఈ పోస్టుకి జీవో ఇస్తే, సెక్షన్ 8 కేసు అడ్డు కాదు అన్న ఒక్క లైన్ అందులోనే రాయాలి, తర్వాత సర్క్యులర్‌లో చూద్దాం అంటే ఆ సర్క్యులర్ ఎప్పటికీ రాదు.