తప్పంతా ఊరిదే

సరిహద్దుల గురించి రాసేవాళ్ళంతా ఒకే రాగం తీస్తారు. గీత గీసినవాడు దుర్మార్గుడట, గీత కింద నలిగిన జనం అమాయకులట. ఈ ఏకపక్ష ధోరణి నాకు మొదట్నుంచీ నచ్చదు. గీసేవాడి కష్టం ఎవడిక్కావాలి? రెండు దేశాల పరువు కాపాడుతూ, చెయ్యి వణక్కుండా, పటం మీద ఎర్ర పెన్సిల్‌తో ఓ గీత లాగుతాడు పాపం. తీరా చూస్తే దాని మధ్యలో ఒక ఊరు అడ్డంగా పడుకుని ఉంటుంది. ఆ ఊరిని అక్కడికి ఎవరు రమ్మన్నారు?

స్లొవాకియా తూర్పు కొసన, మిహలోవ్‌త్సే జిల్లాలో ఉన్న వెల్కే స్లెమెంత్సే అనే చిన్న గ్రామం మీద నా అభియోగం సరిగ్గా ఇదే. వెల్కే అంటే పెద్ద. దాని పక్కనే మాలే, అంటే చిన్న స్లెమెంత్సే. పేరుకు రెండు ఊళ్ళేగానీ ఒకే వీధి, ఒకే హంగేరియన్ భాష, ఇటు పిల్లను అటు ఇచ్చి అటు పిల్లను ఇటు తెచ్చుకున్న చుట్టరికాలు. చుట్టూ చాప పరిచినట్టు మైదానం. కొండ లేదు, సరిహద్దుకు సాకుగా చూపించడానికి మధ్యలో నది అయినా లేదు. దేశాల మధ్య కాపురం పెట్టాలనుకున్న ఊరు కనీసం ఒక వాగునైనా సమకూర్చుకోవద్దా?

పూర్వ చరిత్ర చూసినా ఈ ఊరి ప్రవర్తన అనుమానాస్పదంగానే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆస్ట్రియా-హంగేరీలో ఉంది. తర్వాత చెకొస్లొవాకియాలో తేలింది. 1938 నవంబరు 2న జర్మనీ, ఇటలీ విదేశాంగ మంత్రులు వియన్నాలో కూర్చుని పంచాయితీ తీర్పు చెప్పగానే మళ్ళీ హంగేరీకి పోయింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో సోవియట్ ఎర్ర సైన్యం వచ్చింది. 1945 జూన్ 29న మాస్కోలో చెకొస్లొవాకియా తన తూర్పు కొసను సోవియట్ యూనియన్‌కు రాసిచ్చింది. అటు చోప్ రైల్వే జంక్షన్ మీద సోవియట్ వారికి మనసైంది. జంక్షన్ ఎంత ముఖ్యమో రైలెక్కిన ప్రతివాడికీ తెలుసు గనక ఆ విషయంలో నేను వారిని తప్పు పట్టను. మొత్తానికి కొత్త సరిహద్దు సరిగ్గా పెద్ద స్లెమెంత్సేకూ చిన్న స్లెమెంత్సేకూ నడుమ దిగింది. 1991లో చిన్న ఊరు ఉక్రెయిన్ అయింది. 1993 జనవరి 1న పెద్ద ఊరు స్లొవాకియా అయింది.

చిన్న స్లెమెంత్సేలో 1910లో పుట్టి 1992 దాకా బతికిన ముసలాయన ఎవరైనా ఉంటే లెక్క వెయ్యండి. ఆస్ట్రియా-హంగేరీ, చెకొస్లొవాకియా, హంగేరీ, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్: మొత్తం ఐదు దేశాలు. ఇన్ని దేశాలు చూసినవాణ్ణి మన దగ్గరైతే శాలువా కప్పి సన్మానం చేస్తాం. ఈయన మాత్రం మంచం కూడా జరపలేదు. దేశాలే పనిగట్టుకుని గుమ్మం దాకా వచ్చిపోయాయి. ఇంత కూర్చున్న చోట సేవ అందుకున్న జనం, పైగా ఫిర్యాదు చేస్తారు!

1946 ఆగస్టు చివర్లో సోవియట్ సైనికులు వచ్చి కంచె వేశారు. ఆ వేళకు ఎవరు ఎటున్నారో అటే ఉండిపోయారు. అన్న ఒక దేశం, చెల్లెలు ఇంకో దేశం. ఒక ఏడాదిన్నర తిరిగేసరికి చెకొస్లొవాకియాలో కూడా కమ్యూనిస్టులే గద్దెనెక్కారు కాబట్టి ఇక ఆ కంచె రెండు సోదర దేశాల మధ్య కంచె. ప్రపంచ కార్మికులారా ఏకం కండి అన్న నినాదానికి రెండు వైపులా చప్పట్లే. కొందరు దీంట్లో వైరుధ్యం వెతుకుతారు. నినాదం సరిగ్గా చదవరు కదా మరి! ఏకం కావలసింది ప్రపంచ కార్మికులు. ఎదురింటి అన్నాచెల్లెళ్ళు ఏకం కావాలని అందులో ఎక్కడుంది?

కంచె దగ్గర నిలబడి అవతలివాళ్ళతో మాట్లాడకూడదు, చెయ్యి ఊపకూడదు. నిబంధన స్పష్టంగానే ఉంది. అయితే ఆ ఊరి ఆడవాళ్ళు ఏం చేశారో తెలుసా? పొలానికి పోతూ వస్తూ పాటలు పాడారు. పాత జానపద బాణీ, అందులో కొత్త కబురు. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరు పోయారు, మట్టి ఎప్పుడు. కాపలా సైనికుడికి హంగేరియన్ రాదు. పల్లెటూరి ఆడవాళ్ళు పని చేసుకుంటూ పాడుకుంటున్నారు, ఎంత రమ్యంగా ఉందో అనుకుని వింటూ నిలబడి ఉంటాడు. కంచె అవతల ఒకావిడ ఆ రమ్యమైన పాట వింటూనే తన తల్లి చనిపోయిందని తెలుసుకుంటుంది. ప్రభుత్వాన్ని ఇంత దగా చేసినవాళ్ళ మీద ఒక్క కేసైనా పెట్టారో లేదో. పాటకు పన్ను వెయ్యాలన్న ఆలోచన ఆనాటి అధికారులకు రాకపోవడం పెద్ద లోటు.

చావుకు వెళ్ళాలంటే దారి లేదా అంటే, ఉంది. దరఖాస్తు పెట్టి, వీసా తెచ్చుకుని, సోవియట్ వైపున్న ఉజ్‌హొరోద్ పట్నం మీదుగా చుట్టూ తిరిగి రావచ్చు. కాగితాలు చేతికొచ్చేదాకా శవం ఆగితే చాలు. గోడ దూకితే చేరే ఇంటికి ఇంత ప్రయాణం చేయించిన ఘనత చిన్నదేమీ కాదు. గడియారం సంగతి చెప్పలేదు కదూ. సోవియట్ జమానాలో చిన్న స్లెమెంత్సే మాస్కో టైం పాటించేది. అంటే వీధికి ఇటు పది గంటలైతే అటు పన్నెండు. ఇప్పటికీ గంట తేడా ఉంది. ఇటువాళ్ళు టిఫిన్ దగ్గర ఉండగా అటువాళ్ళు భోజనానికి లేచేవారన్నమాట. ఎదురింటివాళ్ళు ఏం తింటున్నారో తొంగి చూసే దురలవాటును ఇంత శాస్త్రీయంగా మాన్పించిన వ్యవస్థ ఇంకోటి లేదు.

సోవియట్ యూనియన్ పోయినా కంచె పోలేదు. కాలం కన్నా ఇనుము గట్టిది. ఊరివాళ్ళు మాత్రం ఊరుకోలేదు. హంగేరియన్ పద్ధతిలో చెక్కిన పెద్ద కర్ర ద్వారాన్ని నిలువుగా రెండుగా కోసి, ఒక సగాన్ని ఇటు, ఒక సగాన్ని అటు నిలబెట్టారు. నిరసన అట! నా దృష్టిలో సరిహద్దుకు అంతకన్నా మంచి డిజైన్ లేదు. ద్వారం ఉన్నట్టూ ఉంటుంది, ఎవరూ దాటనట్టూ ఉంటుంది. అంతటితో ఆగకుండా 2004లో రెండు ఊళ్ళ మేయర్లు వాషింగ్టన్ దాకా పోయి, అమెరికా కాంగ్రెస్‌లోని మానవ హక్కుల బృందానికి మొర పెట్టుకున్నారు. ఎదురింటికి వెళ్ళడానికి అట్లాంటిక్ దాటాల్సి వచ్చిందంటే ఆ కంచె ఎంత నాణ్యంగా కట్టారో చూడండి.

ఆఖరికి 2005 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, గేటు తెరిచారు. నడిచి వెళ్ళేవాళ్ళకు, సైకిళ్ళకు మాత్రమే. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత వీధి మళ్ళీ వీధి అయిందని అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. అప్పటికి స్లొవాకియా యూరోపియన్ యూనియన్‌లో చేరిపోయింది. ఉక్రెయిన్ అప్పుడే యూరప్ వాళ్ళకు వీసా ఎత్తేసింది. ఉక్రెయిన్ వాళ్ళకు మాత్రం స్లొవాకియా వీసా కావాల్సిందే. కాబట్టి పెద్ద ఊరి అన్న, చిన్న ఊరి చెల్లెలి ఇంటికి హాయిగా వెళ్ళొచ్చు. చెల్లెలు రావాలంటే కాన్సులేట్ గుమ్మం ఎక్కాలి. 2007 డిసెంబరు 21న స్లొవాకియా, తమలో తమకు సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో చేరాక ఈ పద్ధతి ఇంకా బిగిసింది. 2017 జూన్‌లో గానీ ఉక్రెయిన్ వాళ్ళకు వీసా బాధ తప్పలేదు. పుట్టింటికి రావడానికి ఆడపడుచు వీసా అడగాల్సి వచ్చిన ఊరు, యూరప్ మానవ హక్కుల పాఠ్యపుస్తకంలో ఎందుకు లేదో మరి.

గేటు తెరిచాక చుట్టరికాలకన్నా వేగంగా వ్యాపారం నడిచింది. చిన్న స్లెమెంత్సే వీధి పొడుగునా షాపులు లేచాయి. అటు ధరలు తక్కువ, ఇటు జేబుల్లో డబ్బు ఎక్కువ. అరవై ఏళ్ళ ఎడబాటు చూడడానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బట్టలు, మందు, సిగరెట్లు చూసుకుని వెళ్ళారు. వచ్చేటప్పుడు కస్టమ్స్ అతను తీరిగ్గా సంచి తిరగేస్తాడు: మనిషికి రెండే సిగరెట్ పెట్టెలు, నలభై సిగరెట్లు. సైన్యాలు, ముళ్ళకంచెలు పోయి, చరిత్ర అంతా చివరికి నలభై సిగరెట్ల దగ్గరికి చేరడం నాగరికత సాధించిన ప్రగతి కాక మరేమిటి?

ఈలోగా పౌరసత్వం గొడవ ఒకటి. 2010 మే 26న బుడాపెస్ట్‌లోని హంగేరీ పార్లమెంటు, బయటి హంగేరియన్లందరికీ పౌరసత్వం ఇస్తామని చట్టం చేసింది. అదే రోజు బ్రాతిస్లావాలోని స్లొవాకియా పార్లమెంటు, వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే మా పౌరసత్వం పీకేస్తామని చట్టం చేసింది. ఒకాయన అన్నం వడ్డిస్తున్నాడు, ఇంకొకాయన విస్తరి లాక్కుంటున్నాడు. తినేవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగడం ఆ ప్రాంతపు ఆచారం కాదు.

2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలయ్యాక ఉక్రెయిన్ వాళ్ళు ఈ గేటు గుండా కూడా పిల్లల చేతులు పట్టుకుని నడిచొచ్చారు. ఉక్రెయిన్‌లో చదువుతున్న మన పిల్లలు కొందరు, తెలుగువాళ్ళతో సహా, ఈ సరిహద్దునే ఇంకొక చోట దాటి, స్లొవాకియాలోని కోషిత్సే నుంచి విమానమెక్కారు. మగవాళ్ళ సంగతి వేరు. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళు దేశం విడిచి పోకూడదని అప్పట్లో కీవ్ ఆజ్ఞ ఇచ్చింది. అంటే గేటు తెరిచే ఉంది, వీసా అక్కర్లేదు, ఇల్లు కనిపిస్తూనే ఉంది, చిన్న ఊరి బావమరిది మాత్రం కదలడానికి లేదు. ఈసారి కంచె వెయ్యకుండానే పని జరిగింది. ఇక్కడ నా దగ్గర కూడా హాస్యం అయిపోయింది. తర్వాతి విషయానికి వెళదాం.

ఇంతటి గత చరిత్ర ఉన్న ఊరిని ఇలాగే వదిలేస్తే రేపు ఇంకో పెద్దమనిషి ఇంకో గీత గీసేటప్పుడు మళ్ళీ అడ్డం పడుతుంది. అందుకని నా ప్రతిపాదన ఏమిటంటే, స్లెమెంత్సే తాను ఎక్కడ ఉండదలచుకుందో ముందుగానే రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. దరఖాస్తు స్లొవాక్‌లో మూడు ప్రతులు, ఉక్రెయిన్ భాషలో మూడు ప్రతులు. హంగేరియన్‌లో రాస్తే చెల్లదు. పాట రూపంలో ఇస్తే అసలే చెల్లదు. గెజిటెడ్ ఆఫీసరు సంతకం తప్పనిసరి. ఆయన ఆఫీసు వీధికి ఎటువైపు ఉంటుందో, ఏ గడియారం ప్రకారం తెరుస్తారో తేల్చడానికి ఒక సంయుక్త కమిటీ వేశాక తెలియజేస్తాం. అప్పటిదాకా గ్రామస్తులు ఎవరింట్లో వాళ్ళు ఉండవలసింది.