'ది బెల్ జార్' నాయికపై కృతఘ్నత ఆరోపణ: ఒక ఖండన

అమెరికన్ రచయిత్రి సిల్వియా ప్లాత్ నవల 'ది బెల్ జార్' గురించి యువ పాఠకులలో ఒక మాట బాగా చలామణిలో ఉంది. వేలమంది కలలుగనే అవకాశం చేతికందినా సణుగుతూ కూర్చున్న అమ్మాయి కథ అనీ, న్యూయార్క్‌లో నడిచే మొదటి సగానికీ, ఆమె మనసు చెదిరి ఆసుపత్రికి చేరే రెండో సగానికీ పొంతన లేదనీ, అసలది నవలే కాదు, రచయిత్రి డైరీ అనీ ఆ మాట సారాంశం. నవల నచ్చకపోవడం ఎవరి ఇష్టం వారిది కానీ, ఈ మూడు కారణాలూ పుస్తకం తెరిచి చూస్తే నిలవవు.

మొదటిది కృతఘ్నత. పందొమ్మిదేళ్ల ఎస్తర్ గ్రీన్‌వుడ్ రచనల పోటీలో గెలిచి, మరో పదకొండు మంది అమ్మాయిలతో కలిసి 1953 వేసవిలో ఒక ఫ్యాషన్ పత్రికలో నెల రోజులు పనిచేయడానికి వస్తుంది. ఇవాళ మనం ఇంటర్న్‌షిప్ అంటున్నది అలాంటిదే. దేశంలోని కాలేజీ అమ్మాయిలు తనను చూసి అసూయపడాల్సిన స్థితిలో ఉన్నానని ఆమే మొదటి అధ్యాయంలో చెబుతుంది. అంటే, పాఠకులు తాము కనిపెట్టామనుకుంటున్న నేరాన్ని ఆమె ముందే తన మీద మోపుకుంది. సంతోషించాల్సిన చోట సంతోషం ఎందుకు కలగడం లేదన్నదే అక్కడి ప్రశ్న. ఇది డబ్బున్న ఇంటి గారాబమూ కాదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి షార్ట్‌హ్యాండ్, టైపింగ్ నేర్పుతూ ఇల్లు నడుపుతోంది, చదువు స్కాలర్‌షిప్ మీద సాగుతోంది. బహుమతి తర్వాత బహుమతి గెలవడమే బతుకైన ఆ పిల్లను, చదువయ్యాక ఏం చేస్తావని సంపాదకురాలు జే సీ అడిగినప్పుడు, తెలియదన్న జవాబు తన నోట విని తానే నిర్ఘాంతపోతుంది.

ఆ వైభవం సంగతీ చూడాలి. పత్రిక ఇచ్చిన విందులో పీత మాంసం తిన్న అమ్మాయిలు విషాహారంతో మంచం పడతారు. ఫొటో తీసే రోజున, కవయిత్రిని కావాలనుకుంటున్నానన్న ఎస్తర్ చేతికి ఒక కాగితపు గులాబీ ఇచ్చి, కవిత రాస్తే ఎంత ఆనందంగా ఉంటుందో చూపించమంటారు. ఆమె ఏడ్చేస్తుంది. కృతజ్ఞత చూపలేదని ఆమెను తప్పుపట్టేవారు ఆ గులాబీ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేది.

రెండు సగాలకు పొంతన లేదన్నది తొందరపాటు చదువు. గూఢచర్యం కేసులో రోజెన్‌బర్గ్ దంపతులకు విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలైన వేసవి అంటూ మొదలయ్యే కథ, ఎస్తర్‌కు ఆసుపత్రిలో చికిత్సగా ఇచ్చే విద్యుత్ షాకుల దాకా ఒకే తీగ మీద నడుస్తుంది. న్యూయార్క్‌లో చివరి రాత్రి తన బట్టలన్నీ హోటల్ పైకప్పు మీది నుంచి విసిరేసిన ఆమె, తోటి అమ్మాయి బెట్సీ ఇచ్చిన జాకెట్టూ స్కర్టుతో ఇంటికి చేరుతుంది. మూడు వారాల తర్వాత మానసిక వైద్యుడి ముందు కూర్చున్నప్పుడూ ఒంటి మీద ఉతకని అవే బట్టలు.

డైరీ అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ప్లాత్ కూడా ఎస్తర్ లాగే 1953లో న్యూయార్క్‌లోని 'మాడమ్వాజెల్' అనే ఫ్యాషన్ పత్రికలో అతిథి సంపాదకురాలిగా పనిచేసిన మాట నిజమే. అయితే 1963 జనవరిలో ఈ పుస్తకం విక్టోరియా లూకస్ అన్న మారుపేరుతో లండన్‌లో వచ్చింది. ఆ పేరు తప్ప మరేమీ తెలియని తొలి పాఠకులు దీన్ని నవలగానే చదివారు.

ఆసుపత్రిలో భోజనం వడ్డించే నల్లజాతి పనివాణ్ణి ఎస్తర్ తన్నే ఘట్టాన్నీ, అతణ్ణి వర్ణించిన తీరునూ తప్పుపట్టేవారితో మాత్రం నాకు వాదం లేదు.