కుక్కకు ఉల్లిపాయ మజ్జిగ పట్టించే మహానుభావులకు

ఉల్లిపాయ మజ్జిగ సందేశం ఫోనులోకి మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా బావగారు. అంతకుముందు పదో తరగతి మిత్రుల గ్రూపులో ఇద్దరు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు, చివరికి మాకు పాలు పోసే ఆయన కూడా. పైన కుక్కపిల్ల బొమ్మ, దాని కింద "ఎండాకాలంలో మీ కుక్కను కాపాడే ఎనిమిది సూత్రాలు" అని శీర్షిక, అడుగున "పశువైద్య నిపుణుల సలహా" అని ఒక ముక్క. ఆ నిపుణులు ఎవరో, ఏ ఊరివారో లేదు. "పదిమందికి పంపండి, మూగజీవిని కాపాడిన పుణ్యం దక్కుతుంది" అని మాత్రం ఉంది. పుణ్యం కోసం పంపినవారి మీద నాకు కోపం లేదు. సరే, కొంచెం ఉంది.

చిల్లరవి ముందు తేల్చేస్తాను. తీపి పెడితే కుక్క కడుపులో పురుగులు పడతాయట. పురుగులు వాటి గుడ్ల నుంచి పుడతాయి, బెల్లం నుంచి పుట్టవు. నెయ్యి తింటే బొచ్చు ఊడుతుందట. ఊడదు. కొవ్వు మరీ ఎక్కువైతే క్లోమం వాచి, వాంతులతో మంచం పడుతుంది, అది వేరే కథ. చికెన్ ఎముకల్లో కాల్షియం ఉంది కాబట్టి ఆదివారం ఎముకలన్నీ కుక్కకేనట. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. కాల్షియం సంగతి ఆపరేషన్ అయ్యాక మాట్లాడుకుందాం.

ఇక మొదటి సూత్రం. దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "వడదెబ్బ తగలకుండా రోజూ మధ్యాహ్నం ఒక ఉల్లిపాయ దంచి, ఆ రసం మజ్జిగలో కలిపి కుక్కకు పట్టించండి. మనిషికి చలువ చేసేది కుక్కకూ చేస్తుంది."

ఈ మాట కర్నూలులో ఎందుకింత తేలికగా చెల్లిపోతుందో నాకు తెలుసు. ఇక్కడ ఎర్రగడ్డ లేని పూట లేదు. జొన్నరొట్టె పక్కన పచ్చి ముక్క, ఉగ్గానిలో తరుగు, మే నెలలో బయటికి వెళ్తే జేబులో ఒకటి. ధర పడిపోయిన ఏడాది అయితే చెప్పనక్కర్లేదు. 2025లో మార్కెట్ యార్డులో కొనే నాథుడు లేక ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చినప్పుడు, మా వీధిలో చాలా ఇళ్ల మెట్ల కింద ఒక బస్తా ఉండేది. ఊరికే వచ్చినది మందు కూడా అయితే ఎవరు వద్దంటారు?

అలాంటి బస్తా ఒకటి మా పక్కింటివారిది. వాళ్ల కుక్క మల్లి, పన్నెండు కిలోల నాటు కుక్క. బస్తా కుళ్లిపోకముందే ఖాళీ చేయాలని ఇంట్లో పూటపూటా ఉల్లిపాయ కూరే. మిగిలిందంతా మల్లికి. వారం తిరగకముందే అది పడుకున్న చోటు నుంచి లేవడం మానేసింది. వాళ్ల అబ్బాయి పరుగెత్తుకొచ్చి "అన్నా, ఒకసారి వచ్చి చూడండి" అంటే వెళ్లాను. పైపెదవి ఎత్తి చూస్తే, గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. గచ్చు మీద మూత్రం డికాషన్ రంగులో మరక కట్టింది. పశువుల డాక్టరు బొట్టు రక్తం తీసి, గాజు పలక మీద పరిచి, సూక్ష్మదర్శినిలో కాసేపు చూశారు. తల ఎత్తకుండానే అడిగారు: "ఉల్లిపాయలు పెట్టారా?"

ఉల్లిలోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తాయి. పాడైన భాగం కణం అంచున చిన్న బొడిపెలా గడ్డకడుతుంది. ఆ బొడిపెలనే వైద్యులు హైంజ్ బాడీలంటారు, డాక్టరు చూసిందీ వాటినే. అలాంటి కణాలు పగిలిపోతాయి, ఆ రంగే మూత్రంలో దిగుతుంది. కుక్క బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ చాలు. మల్లికి 180 గ్రాములంటే మధ్యరకం ఉల్లిపాయలు రెండు. "మేము చెప్పింది ఒకటే కదా" అంటారేమో. రోజూ ఒకటి అన్నారు మహాశయా! నిన్నటి దెబ్బ మానకముందే ఇవాళ్టిది పడుతుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి కొట్టినా ఆ గుణం పోదు.

అన్నిటికంటే దుర్మార్గం ఏమిటంటే, లక్షణాలు చాలాసార్లు కొన్ని రోజులు ఆగి బయటపడతాయి. మజ్జిగ తాగిన సాయంత్రం కుక్క తోక ఊపుతూనే తిరుగుతుంది. "చూశారా, మా టామీకి ఎంత హుషారో!" అని ఫోటో జతచేసి ఇంకో పదిమందికి పంపుతారు. నాలుగో రోజు టామీ కూలబడితే ఎండ దెబ్బ అంటారు. ఎండ దెబ్బే అనుకున్నాక ఏం చేస్తారు? ఇంకో ఉల్లిపాయ దంచుతారు.

పైగా ఎండాకాలంలోనా ఈ వైద్యం! కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికున్న ఫ్యాను. నలభై దాటిన ఎండలో అది ఊపిరి కోసం అల్లాడుతుంటే, ఆ ఊపిరిని ఒంట్లోకి మోసే కణాలనే పగలగొట్టి చలువ చేస్తారట. నిజంగా ఎండ దెబ్బ తగిలితే నీడకు చేర్చి, ఒంటి మీద మామూలు నీళ్లు పోసి, ఫ్యాను కింద ఉంచి, ఆటో ఎక్కించండి. ఉల్లిపాయ ఇంట్లోనే ఉండనివ్వండి.

"వీధికుక్కలు అన్నీ తింటాయి కదా, వాటికేమవుతోంది బావా?" అని మా బావగారి ఎదురు ప్రశ్న. వాటిలో చచ్చినవి మన వీధిలోకి రావు బావా. తోక ఊపుతూ వచ్చినవాటినే మనం లెక్కపెడుతున్నాం. మా జేజి కూడా ఇంటి తిండే పెట్టేది, ఒప్పుకుంటాను. ఆమె కుక్క సంకటి, మజ్జిగ తిని నిక్షేపంగా బతికింది. అయితే ఆమె ఇంట్లో ఉల్లిపాయ కుక్కకు విసిరేంత చవకగా ఎన్నడూ లేదు.

వెల్లుల్లి పెడితే పిడుదులు రాలిపోతాయన్నది రెండో సూత్రం. తెల్లగడ్డ ఉల్లి జాతిదే, గ్రాముకు గ్రాము లెక్కన ఉల్లికంటే ఘాటైనది. పిడుదు బయటి నుంచి రక్తం తాగుతుంటే మీరు లోపలి నుంచి సాయం చేస్తారన్నమాట. రెండు వైపుల నుంచీ పని త్వరగా పూర్తవుతుంది.

రక్తం పట్టడానికి నానబెట్టిన ఎండుద్రాక్ష పెట్టమని ఇంకో సూత్రం. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క కిడ్నీలను దెబ్బతీస్తాయి. గుప్పెడు తిన్నా ఏమీ కాని కుక్కలు ఉన్నాయి, కాసిన్ని తిని మంచం పట్టినవీ ఉన్నాయి. ఏ కుక్క ఏ రకమో ముందుగా చెప్పలేం. కారణం చాలాకాలం అంతుచిక్కలేదు. పిల్లలు బొమ్మలు చేసుకోవడానికి ఇంట్లో పిండితో చేసిన ఆటముద్ద (ప్లే డో) తిన్న కుక్కకు అచ్చం ఇలాగే కిడ్నీలు చెడిపోవడం అమెరికా పశువైద్యులు గమనించారు. ఆ ముద్దలో టార్టారిక్ ఆమ్లపు లవణం ఉంది. ద్రాక్షలో అసలు దోషి ఆ ఆమ్లమే అయి ఉండవచ్చని వారు 2021లో ప్రతిపాదించారు. చింతపండు నిండా ఉండేదీ ఆ ఆమ్లమే. పులిహోర ప్రసాదం కుక్కతో పంచుకునేవారు ఒక క్షణం ఆగండి. ఈ సంగతి సందేశం రాసినవారికి తెలియకపోవడం మన అదృష్టం, లేకపోతే చారు కూడా చలువ జాబితాలో చేరేది.

విషం తిన్న కుక్కకు గ్లాసుడు ఉప్పునీళ్లు తాగించి కక్కించమన్న ఏడో సూత్రాన్ని చదివి నేను ఫోను బల్ల మీద పెట్టేశాను. అంత ఉప్పు రక్తంలో చేరితే మెదడు కణాల్లోని నీరు బయటికి లాగేసుకుంటుంది. వణుకు, మూర్ఛలు వస్తాయి. యాసిడో కిరసనాయిలో తాగి ఉంటే వాంతితో పైకి వస్తూ మరోసారి హాని చేస్తుంది. కక్కించాలో వద్దో డాక్టరు చెప్పాలి, ఫోను ఉన్నది అందుకే.

ఎనిమిదోది చూసి మొదట నవ్వాను. "చక్కెర లేని చూయింగ్ గమ్ కుక్కకు అందనివ్వకండి." కర్నూలు కుక్కకు చూయింగ్ గమ్మా! తర్వాత వెతికి చూస్తే, నిజం. వాటిలో కొన్నింట్లో జైలిటాల్ ఉంటుంది. మనుషులకు అది నిరపాయం. కుక్కలో మాత్రం ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఎగదోస్తుంది, తరచుగా గంటలోపే రక్తంలో చక్కెర పడిపోతుంది, మోతాదు ఎక్కువైతే కాలేయమూ పోతుంది. మా నాన్నగారికి మధుమేహం. చెల్లెలు బెంగళూరు నుంచి తెచ్చిన గమ్ డబ్బా ఆయన మంచం పక్కన, మా కుక్క మూతికి సరిగ్గా అందే ఎత్తులో, ముక్కాలి పీట మీద ఉంది. వెనక చిన్న అక్షరాల్లో జైలిటాల్ అనే ఉంది. దాన్ని బీరువా మీదికి చేర్చాను. ఇన్నేళ్లుగా కుక్కను పెంచుతున్నాను, నాకిది తెలియదు. బావగారూ, ఈ ఒక్కదానికి మీకు రుణపడి ఉన్నాను.

మిగిలిన ఏడూ దయచేసి తుడిచేయండి. ఇప్పటికే ఉల్లిపాయ మజ్జిగ పట్టించినవారు వారం పాటు రోజూ చిగుళ్ల రంగు, మూత్రం రంగు చూడండి. తేడా కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎంత పెట్టారో దాచకుండా చెప్పండి. మల్లి మూడు వారాలకు కోలుకుంది కానీ, డాక్టరు అడిగినప్పుడు మా పక్కింటివారు మొదట చెప్పింది "రెండు ముక్కలు సార్, అంతే" అని.