ఆవకాయ సీసాను తలకిందులు చేయించే డిజైన్ రహస్యాలు

మళ్లీ వచ్చింది. "కంటికి నచ్చే డిజైన్: నిపుణులు దాచిపెట్టే ఎనిమిది రహస్యాలు" అనే సందేశం అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పచ్చళ్లూ పొడులూ అమ్ముకునేవారి గ్రూపులో వచ్చింది, మా పెద్దమ్మ కొడుకు విడిగా మరోసారి పంపాడు. ఇంట్లో తయారయ్యే సరుకు ప్యాకెట్లకూ, బీచ్‌లో దిగే ఫొటోలకూ ఒకే మంత్రం పనిచేస్తుందని దాని సారాంశం. పంపినవారిలో ఎవరూ దాన్ని ఒక సీసా మీద గానీ ఒక ఫొటో మీద గానీ పరీక్షించినట్టు లేరు. కాబట్టి ఆ పని నేనే చేస్తాను.

అందమైనవన్నీ 1.618 అనే బంగారు నిష్పత్తిలో, అంటే పొడవు వెడల్పుకు 1.618 రెట్లుగా, ఉంటాయనేది మొదటి రహస్యం. సాక్ష్యంగా ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయం బొమ్మ పెట్టారు. ఆ ఆలయ పీఠం పొడవు సుమారు 69.5 మీటర్లు, వెడల్పు 30.9 మీటర్లు. భాగించి చూడండి, 2.25 వస్తుంది. అంటే తొమ్మిదికి నాలుగు. యూక్లిడ్ జ్యామితిలో బంగారు నిష్పత్తి ఉన్న మాట నిజమే. కానీ లోకంలోని అందానికంతటికీ అదే మూలమన్న ప్రచారం ఊపందుకున్నది 1854లో ఆడోల్ఫ్ ట్సైజింగ్ అనే జర్మన్ పండితుడు దాని మీద పుస్తకం రాసిన తరువాత. మనం రోజూ వాడే ఏ4 కాగితం నిష్పత్తి 1.414. సగానికి కోసినా ఆకారం మారకూడదని అలా పెట్టారు. ఇక సీసాకు అంటించే స్టిక్కరు కొలతను సీసా చుట్టుకొలత నిర్ణయిస్తుంది, గ్రీకు దేవాలయం కాదు.

ఎరుపు, పసుపు రంగులు ఆకలి పుట్టిస్తాయట. అదే నిజమైతే మా విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో కారం పొడుల వరుస దాటేసరికి అందరూ సొమ్మసిల్లాలి. అక్కడ అన్నీ ఎరుపే కాబట్టి ఏ ఒక్కటీ కంటికి ఆనదు. రంగు పక్క రంగును బట్టి కనిపిస్తుంది. పారిస్‌లోని గోబెలాన్ నేత కర్మాగారంలో రంగుల అద్దకం పనిని పర్యవేక్షించిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్లదారం వెలసిపోయినట్టు ఉందని ఫిర్యాదులు వచ్చేవి. అద్దకంలో లోపం లేదని, దారం పక్కనున్న రంగులే కంటిని మోసం చేస్తున్నాయని ఆయన తేల్చి, 1839లో వివరంగా ప్రచురించాడు. మంచి ఎర్రటి పచ్చడికి అంతకంటే ఎర్రటి లేబుల్ అంటిస్తే పాలిపోయి కనిపించేది పచ్చడే.

మూడు రకాల ఫాంట్లు తప్పనిసరి అన్నది పెళ్లి ఫ్లెక్సీలకు వదిలేద్దాం. టూత్‌పేస్టు ట్యూబు కొసన ఉండే రంగు గీతను బట్టి లోపల రసాయనాలున్నాయో మూలికలున్నాయో తెలుస్తుందన్నది పచ్చి అబద్ధం. ట్యూబును ఎక్కడ కోయాలో, ఎక్కడ మూయాలో యంత్రంలోని సెన్సరుకు చూపించే గుర్తు అది.

ఫొటోల సంగతికి వస్తే, మనిషిని ఎన్నడూ మధ్యలో నిలబెట్టకూడదట, ఫొటోను మూడు సమభాగాలు చేసే గీతల మీదే ఉంచాలట. ఈ మూడో వంతు సూత్రానికి పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు, 1797లో. ఆయన మాట్లాడింది పల్లె దృశ్యాల గురించి, నేలకూ ఆకాశానికీ ఎంతెంత చోటివ్వాలన్న దాని గురించి. సముద్రం ఫొటోకు అది బాగానే పనికొస్తుంది, నీటి అంచు నట్టనడుమ పడి బొమ్మ రెండు ముక్కలు కాకుండా. కానీ ఏటికొప్పాక కొయ్యబొమ్మను తరిమెన (లేత్ యంత్రం) మీద తిప్పి చేస్తారు, నడుమ గీసిన గీతకు అటూ ఇటూ ఒకేలా ఉంటుంది. దాన్ని ఫొటోలో పక్కకు నెట్టి సాధించేది ఏమిటి? పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ పక్కకు జరుపుతారా? మన బీచ్ ఫొటోలను పాడుచేసేది మధ్యలో నిలబడడం కాదు, తల వెనుక నుంచి దీపస్తంభం మొలిచినట్టు నిలబడడం. తీసేవారు ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు.

"సాయంత్రం సముద్రంలో మునిగే సూర్యుణ్ణి వెనుక పెట్టుకుని ఫొటో దిగండి" అన్నది మరో రహస్యం. ఆర్కే బీచ్‌లో దీన్ని పాటించాలంటే ముందు సూర్యుడు తన దారి మార్చుకోవాలి. ఇది తూర్పు తీరం నాయనా! సాయంత్రం సూర్యుడు ఊరి వైపు దిగుతాడు, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డవారి ముఖం మీద ఆ ఎండ పడుతుంది. ముఖాలకు అంతకంటే మంచి వెలుతురు లేదు, బీచ్ రోడ్డు భవనాల నీడ ఇసుక మీదికి రాకముందే తీసుకోవాలి, అంతే. పొద్దున్నే సూర్యుడు సముద్రం మీద ఉన్నప్పుడు ముఖం నల్లబడుతుంది. ఫోను తెర మీద ముఖాన్ని తాకితే ముఖం తేరుకుంటుంది, ఆకాశం తెల్లబారుతుంది. ఏది కావాలో మీ ఇష్టం.

ఇంతవరకూ నవ్వి ఊరుకోవచ్చు. ఏడో రహస్యం దగ్గర నాకు నవ్వు రాలేదు. "చట్టం అడిగే వివరాలు అందాన్ని చెడగొడతాయి. వాటిని బాగా చిన్న అక్షరాలతో, వెనుక రంగులో కలిసిపోయేలా, వీలైతే అడుగున వేయించండి. శాకాహార, మాంసాహార గుర్తులను లేబుల్ రంగుకు తగ్గట్టు మార్చుకోండి."

అడుగున వేయిస్తే గడువు తేదీ కోసం కొన్నవారు ఆవకాయ సీసాను తలకిందులు చేయాలి. మూత సరిగ్గా బిగించి ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది, నూనె మోచేతిదాకా కారాక. నలభై దాటినవారి కంటి కటకం బిగుసుకుపోయి దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. వారికి బంగారు రంగు కాగితం మీద తెల్లని సన్న అక్షరాలు ఇస్తే, ట్యూబ్‌లైటు కింద తళుకు తప్ప మరేమీ కనిపించదు. అక్షరాలు ఉన్నాయని మీరంటారు, చదవలేకపోయానని వారంటారు. ధర, నికర పరిమాణం అంకెలు వెనుక రంగు నుంచి కొట్టొచ్చినట్టు వేరుగా కనిపించాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. ఈ మాట ఏ డిజైన్ గురువూ చెప్పనక్కర లేకుండా చట్టమే చెప్పింది.

ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరు మనది. రొయ్యల పచ్చడి, ఎండురొయ్యల పొడి ఇక్కడ ఇంటింటి వ్యాపారం. రొయ్యలు పడనివారికి ఒక్క ముద్దతో గొంతు వాచి ఊపిరి ఆడకపోవచ్చు. అందుకే చేపలు, రొయ్యలు, వేరుశనగ, జీడిపప్పు, పాలు, గుడ్లు వంటివి కలిపితే ఆ మాట లేబుల్ మీద విడిగా రాయాలని ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. దాన్ని లేత బూడిద రంగులో దాచమని సలహా ఇచ్చేవారికి అందం అంటే ఏమని అర్థమైందో!

గుర్తుల రంగు మార్చమనడం ఇంకా ఘోరం. శాకాహారానికి ఆకుపచ్చ గీతల చతురస్రంలో ఆకుపచ్చ వృత్తం. మాంసాహారానికి ముందు గోధుమ రంగు వృత్తమే ఉండేది, 2020 నిబంధనలతో అది త్రిభుజమైంది. ఎరుపు, ఆకుపచ్చ ఛాయలు వేరుచేసి చూడలేనివారు ఆకారాన్ని బట్టి గుర్తుపట్టాలని ఆ మార్పు. ఈ ఎనిమిది రహస్యాలన్నిటికంటే ఆ చిన్న త్రిభుజంలో ఎక్కువ డిజైన్ ఉంది. దాన్ని గులాబీ రంగులోకి మార్చండి, ఇల్లంతా అందంగా ఉంటుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ సందేశం రాసినవారి విసుగు న్యాయమైనదే. చిన్న పొడి ప్యాకెట్ మీద పేరు, దినుసులు, పోషకాల పట్టిక, పద్నాలుగు అంకెల లైసెన్స్ నంబరు, చిరునామా, తేదీలు, తూకం, ధర అన్నీ పట్టించడం నరకం. మరీ చిన్నవాటికి కొన్ని మినహాయింపులున్నా, మధ్యరకం ప్యాకెట్‌కు ఆ సుఖం లేదు. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒకే గుంపుగా చూస్తుందని వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లోనే వివరించాడు. తేదీ, తూకం, ధర మూడూ ఒకే తెల్లటి గడిలో పెట్టండి, మూలనున్న తీగలూ పూలూ తీసేయండి. చోటు దానంతటదే వస్తుంది.

ఇక ఎనిమిదో రహస్యం: "లేబుల్‌ను చేతి దూరంలో పెట్టి కళ్లు చికిలించి చూడండి, మిగిలేదే కొనేవారికి కనిపించేది." ఇది అక్షరాలా నిజం. చిత్రకారులు ఎప్పటి నుంచో చేసే పని, ఫొటోలకూ పనికొస్తుంది. ఈ సందేశాన్ని ఎక్కువ ఉత్సాహంగా పంపిన పక్క బ్లాకు పిన్నిగారి సీసాకే ఆ పరీక్ష పెట్టి చూశాను. మిగిలింది ఒక బంగారు నెమలి. లోపల ఉన్నది గోంగూర రొయ్యలు.