తొలి వానలో తడవకూడదట!

మొన్న చెన్నైలో వాన మొదలవగానే మా పిన్ని ఫోన్. "ఒరేయ్, తడవకు. యాసిడ్ వానట, ఒళ్లు కాలిపోతుందట. వాట్సాప్‌లో వచ్చింది." అప్పటికే తిరువొత్తియూరు బస్టాపులో నిలువునా తడిసి ఉన్నా. ఒళ్లేం కాలలేదు, జలుబు మాత్రం పట్టింది.

ఏటా తిరిగే ఈ ఫార్వర్డ్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మామూలు వాన కూడా కాస్త పుల్లనే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి దాని పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది (ఈ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ). బొగ్గు, డీజిల్ మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మబ్బుల్లో ఆమ్లాలుగా మారితే 4 దాకా దిగుతుంది. అంటే టమాటా పులుపు. మనకేం కాదు. చేపకు అవుతుంది. ఆ నీళ్లు మట్టిలోని అల్యూమినియాన్ని చెరువులోకి ఈడ్చుకొస్తే దాని మొప్పలు పాడవుతాయి. చెట్టుకు కావలసిన కాల్షియం కొట్టుకుపోతుంది. పాలరాయి జిప్సంగా మారి రాలుతుంది. తాజ్‌మహల్ ఉన్న ఆగ్రా చుట్టుపక్కల బొగ్గు వాడే పరిశ్రమలు గ్యాస్‌కు మారాలి, లేదా వెళ్లిపోవాలి అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది ఊరికే కాదు.

బ్రిటన్ వాళ్లు పొగగొట్టాల ఎత్తు పెంచితే వాళ్ల ఊళ్లలో గాలి తేటపడింది, ఆ పొగ గాలికి దూరం కొట్టుకెళ్లి నార్వే, స్వీడన్ సరస్సుల్లో చేపలు పోయాయి. మన పెద్ద థర్మల్ ప్లాంట్ల పొగగొట్టాలూ 275 మీటర్లు!

పొగలోని సల్ఫర్‌ని సున్నపురాయి నీళ్లతో కడిగేసే ఏర్పాటు ఉంది, ఎఫ్‌జీడీ అంటారు. 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ ప్లాంట్ల పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌కూ కొత్త పరిమితులు పెట్టి రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువు మా వీధి డ్రైనేజీ పనిలా జరుగుతూ జరుగుతూ, 2025 జూలైకి చాలా ప్లాంట్లకు అసలు అక్కర్లేదనే దాకా వచ్చింది. పది లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం 2027 చివరి దాకా గడువు. మన బొగ్గులో సల్ఫర్ తక్కువ, గాలిలోనూ సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపే ఉంది అన్నారు కేంద్రం వాళ్లు. సల్ఫర్ తక్కువే, ఒప్పుకుంటా. మరి కాల్చే బొగ్గు తక్కువా? ఆ వాయువు గాలిలోనే సల్ఫేట్ నలుసుగా మారి ఊపిరితిత్తుల్లో దిగితే, అది ఏ లెక్కలో రాస్తారు?

ఇంకో సంగతి. మన దుమ్ములోని సున్నం ఆమ్లాన్ని చాలావరకు విరిచేస్తుంది, అందుకే ఇక్కడ యూరప్ అంత గొడవ కనబడలేదు. ఇప్పుడు దుమ్ము తగ్గించాలని రోడ్లు ఊడుస్తున్నాం, మంచిదే. సల్ఫర్‌ని అలాగే వదిలేసి దుమ్మొక్కటే తగ్గిస్తే వాన పులుపు పెరుగుతుందని ఎవరికీ తట్టదా?

ఇదంతా టైప్ చేసి పిన్నికి పంపా. "ఇంత పొడుగు ఎవరు చదువుతారురా, గొడుగు పట్టుకెళ్లు" అంది.