పీల్చే మత్తుకు తొందరెందుకు?

దెబ్బతిన్న ఊపిరితిత్తులకు మత్తుమందును గాలితోపాటే అందిస్తే మేలన్న ఆశకు గట్టి దెబ్బే తగిలింది. ఫ్రాన్స్‌లోని 37 ఐసీయూల్లో 687 మంది ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి, రక్తానికి ఆక్సిజన్ అందని తీవ్ర స్థితి) రోగులపై జరిగిన సెసార్ పరిశోధన ఫలితాలు 2025లో జామా వైద్య పత్రికలో వచ్చాయి. కొందరికి సెవోఫ్లూరేన్ వాయువు ఇచ్చారు, మిగతావారికి నరం ద్వారా ప్రొపోఫాల్ ఎక్కించారు. గరిష్ఠంగా ఏడు రోజులు. 90 రోజులకు బతికి ఉన్నవారు వాయువు వర్గంలో 47.1 శాతం, ప్రొపోఫాల్ వర్గంలో 55.7 శాతం. తొలి వారంలోనే మరణాలు 19.4, 13.5 శాతంగా విడిపోయాయి.

ఆశ ఎక్కడ పుట్టింది? 2017లో ఫ్రాన్స్‌లోనే 50 మందిపై జరిగిన చిన్న అధ్యయనంలో సెవోఫ్లూరేన్ రక్తంలో ఆక్సిజన్‌ను మెరుగుపరిచింది. అక్కడ పోల్చింది మిడజోలం అనే మరో మత్తుమందుతో, ప్రొపోఫాల్‌తో కాదు. పైగా ఏఆర్‌డీఎస్‌లో ఆక్సిజన్ అంకెను నమ్మి మోసపోవడం కొత్తేమీ కాదు. 2000 సంవత్సరపు ఆర్డ్స్‌నెట్ పరిశోధనలో వెంటిలేటర్‌తో కిలో శరీర బరువుకు 12 మిల్లీలీటర్ల పెద్ద శ్వాస ఇచ్చినవారిలోనే మొదట ఆక్సిజన్ బాగుంది. తీరా చూస్తే చనిపోయింది వారిలోనే ఎక్కువ: 39.8 శాతం. 6 మిల్లీలీటర్ల వర్గంలో 31 శాతమే.

తప్పంతా మందుదేనని తేల్చలేం. ఆ మందును మోసుకెళ్లే పరికరాన్నీ చూడాలి. అది వెంటిలేటర్ గొట్టాలు రెండూ కలిసే వై-గొట్టానికీ, రోగి శ్వాసగొట్టానికీ మధ్య కూర్చుంటుంది. సిరంజి పంపు ద్రవాన్ని పంపితే లోపల ఆవిరవుతుంది. బయటికొచ్చే ఆవిరిలో ఎక్కువ భాగాన్ని కార్బన్ పొర పట్టి మళ్లీ రోగికే పంపుతుంది. దాని లోపలి ఖాళీ పాత రకంలో 100 మిల్లీలీటర్లు, చిన్న రకంలో 50. ఇప్పుడు లెక్క వేయండి. 152 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు, మన ఇళ్లలో ఇది మామూలు ఎత్తే, ఎత్తును బట్టి లెక్కగట్టే ఆదర్శ బరువు సుమారు 45 కిలోలు. కిలోకు 6 చొప్పున శ్వాస 270 మిల్లీలీటర్లు. పెద్ద పరికరం పెడితే అందులో మూడో వంతుకు పైగా గాలి సంచులదాకా చేరకుండా అటూ ఇటూ తిరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దాన్ని దింపాలని శ్వాసల సంఖ్య పెంచితే ఊపిరి వదిలే సమయం చాలదు. శ్వాస పరిమాణం పెంచితే చిన్న శ్వాసలతో ఊపిరితిత్తులను కాపాడే సూత్రానికే గండి.

ప్రొపోఫాల్ నిరపాయం అని మేం అనడం లేదు. ఒక శాతం మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుంటుంది. 60 కిలోల రోగికి గంటకు 24 మిల్లీలీటర్లు దాటితే కిలోకు గంటకు 4 మిల్లీగ్రాముల హద్దు దాటినట్టే. ఆ మోతాదు రెండు రోజులకు మించి సాగితే రక్తం ఆమ్లమయం కావడం, కండరాలు కరగడం, గుండె లయ తప్పడం ముంచుకురావచ్చు. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు, కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే చూస్తూ ఉండాలి. అది కొవ్వు ద్రావణం. గంటకు 20 మిల్లీలీటర్లు వెళ్తే రోజుకు 528 కేలరీలు దాని నుంచే వస్తాయి. ఆహార గొట్టం లెక్కలో వాటిని తీసేయడం చాలామంది మరిచిపోతారు. సీసా, గొట్టం 12 గంటలకోసారి మార్చాలి. ప్రొపోఫాల్ నొప్పిని తగ్గించదు కాబట్టి ముందు ఫెంటనిల్ లాంటి నొప్పి మందు ఇచ్చి, ఆ తర్వాతే మత్తు మోతాదు నిర్ణయించాలి. లోతైన మత్తు బోర్లా పడుకోబెట్టినప్పుడు, కండరాలను స్తంభింపజేసినప్పుడు అవసరం. మిగతా వేళల్లో పిలిస్తే కళ్లు తెరిచేంత మత్తు చాలు.

పీల్చే మత్తుల్లోనే మరొకటైన ఐసోఫ్లూరేన్ సంగతి వేరు. 2021లో జర్మనీ, స్లొవేనియాల్లో 301 మందిపై జరిగిన పరిశోధనలో అది ప్రొపోఫాల్‌కు తీసిపోలేదని తేలింది. కానీ అది మత్తు ఎంత కుదిరిందన్న పరీక్ష, ఊపిరితిత్తులు ఎంత కోలుకున్నాయన్న పరీక్ష కాదు. ఆ ఫలితాన్ని ఏఆర్‌డీఎస్ రోగికి అతికించడం సబబు కాదు.

ఏ మందుకూ లొంగని ఆస్తమాలో పీల్చే మత్తుకు ఇప్పటికీ చోటుంది. అందుకోసం ఈ పరికరం కొనే ఆసుపత్రి యాజమాన్యాలను మేం అడిగేవి కొన్నే. మిగులు వాయువును పీల్చుకునే ఏర్పాటు మంచం పక్కన ఉందా? ఊపిరి చివర మందు శాతాన్ని చూపే మానిటర్ ఉందా? పంపును రోగి తలకన్నా ఎత్తున పెడితే మందు తనంతట తానే కారిపోవచ్చని రాత్రి షిఫ్టు నర్సుకు ఎవరైనా చెప్పారా? ఈ వాయువులు అరుదుగా వికటించి ఒళ్లు ఉన్నట్టుండి విపరీతంగా వేడెక్కి కండరాలు బిగుసుకుపోతే ఇవ్వాల్సిన విరుగుడు డాంట్రోలిన్ ఫార్మసీలో ఎన్ని వయల్స్ ఉంది?