అయిదేళ్ల బాకీకి వోచరేదీ?

ముప్ఫై మూడేళ్లు పంచాయతీల లెక్కలు ఆడిట్ చేసి రిటైరైనవాణ్ణి. తవ్వని బోరుకి బిల్లు, లేని స్తంభానికి బల్బు, ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దుకి దాణా, అన్నీ పట్టుకున్న కళ్లివి. అలాంటి నాకు ఈ వయసులో నిద్ర లేకుండా చేస్తున్నది ఏ సర్పంచో, ఏ కాంట్రాక్టరో కాదు. ఆరడుగుల రెండంగుళాల కోటీశ్వరుడొకడు. అతనికి అయిదేళ్ల కొడుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలీదు. మా ఆవిడకి తెలుసు.

మనవడు పుట్టిన దగ్గర్నుంచీ రాత్రిళ్లు ఉయ్యాల ఊపే డ్యూటీ మా ఆవిడది. ఒక చేతిలో ఉయ్యాల తాడు, రెండో చేతిలో ఫోను, ఫోన్లో ప్రేమకథలు. రోజుకో భాగం ఊరికే చదువుకోవచ్చు. రేపటి భాగం ఈ రాత్రే కావాలంటే నాణేలు కొనాలి. ఆ నాణేలకి డబ్బు కట్ అయ్యే ఖాతా నా పెన్షన్ ఖాతా. సొమ్ము నాదైనప్పుడు తనిఖీ హక్కూ నాదే కదా అని, ఆవిడ పగలు కునుకు తీసే వేళల్లో నలభై రెండు కథలు తనిఖీ చేశాను. పెన్సిలూ తెల్ల కాయితాలూ దగ్గర పెట్టుకునే చేశాను. అభ్యంతరాలు సవినయంగా లోకం ముందు పెడుతున్నాను.

కథ ఏదైనా పద్దు ఒకటే. వాన పడుతుంది. కరెంటు పోతుంది. (ఈ కథల్లో కరెంటోళ్లు కలిపినన్ని జంటల్ని పెళ్లిళ్ల పేరయ్యలు కూడా కలపలేదు.) తెల్లారేసరికి అపార్థం వస్తుంది. హీరోయిన్ కన్నీళ్లతో రాజీనామా రాసి, కాగితం ఎగిరిపోకుండా దాని మీద పేపర్ వెయిట్ కూడా పెట్టి, అరకో ఊటీయో వెళ్లిపోతుంది. ప్రసూతి సెలవు 26 వారాలు చేస్తూ 2017లో చట్టం సవరించారు. ఆ సంగతి తెలిసిన హీరోయిన్ నలభై రెండింటిలో ఒక్కర్తె కూడా లేదు. తెలిసుంటే జీతం తీసుకుంటూ కనేది, కథ మూడో భాగంలోనే అయిపోయేది.

ఆ పైన వస్తుంది అసలు మోసం. "అయిదేళ్ల తరువాత" అని రెండే రెండు మాటలు, పక్కన మూడు చుక్కలు.

పంచాయతీ పద్దుల్లో "ఇతరములు" అని ఒక గడి ఉంటుంది. దొంగ సొమ్మంతా అక్కడే దాక్కుంటుంది. కార్యదర్శి నవ్వుతూ కాఫీ తెప్పిస్తున్నాడంటే మనం తిన్నగా ఆ గడిలోకే వెళ్లాలి. ఈ కథల్లో మూడు చుక్కలే ఆ గడి. విప్పి చూశాను. రోజుకి ఆరు డైపర్లే అనుకున్నా రెండేళ్లకి 4,380. ఆరూ మార్చింది హీరోయినే. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఆరు, పది, పధ్నాలుగు వారాలకి పెంటావాలెంట్ అనే అయిదు రోగాల టీకా, ఆ ప్రతి సూదికీ రాత్రంతా జ్వరం. తొమ్మిదో నెలలో తట్టు టీకా. ఏడాదిన్నరకి బూస్టరు. అన్నీ అయ్యాక చిన్నతనపు టీకాల్లో ఇంక మిగిలింది అయిదేళ్లు దాటాక వేసే డీపీటీ బూస్టరు ఒక్కటే. సరిగ్గా ఆ టైముకి హీరోగారు లిఫ్టులో ప్రత్యక్షం. టీకాలన్నీ అయ్యేదాకా ఇంత కచ్చితంగా కాచుకుని కూచున్న మనిషిని నా సర్వీసులో చూడలేదు.

లిఫ్టులో కుర్రాడు "అంకుల్, మీ ఫ్లోర్ వచ్చింది" అంటాడు. హీరో ఆ బుగ్గ మీది సొట్ట చూస్తాడు. అచ్చం తన సొట్టే. అతని గుండెలో ఏదో తెగుతుంది. అంతే, తండ్రయిపోయాడు! దరఖాస్తు లేదు, విచారణ లేదు, బకాయిల ప్రస్తావన లేదు. తర్వాతి భాగంలో పిల్లవాడి గదినిండా రిమోట్ కార్లు. మర్నాడు "నా కొడుకు" అని హీరోయిన్ మీద అరుస్తాడు కూడా. అయిదేళ్లు పన్ను ఎగ్గొట్టినవాడు ఆరో ఏట వచ్చి వీధికి తన పేరు పెట్టమన్నట్టుంటుంది.

సొట్ట చాలదనే అనుమానం పీనుగుల కోసం రక్తం ఘట్టం ఉంది. దీని దగ్గర కాస్త ఆగాలి. పిల్లవాడికి ప్రమాదం. అరుదైన గ్రూపు, ఎక్కడా దొరకదు. డాక్టరు చెమట తుడుచుకుంటాడు. హీరో చొక్కా చెయ్యి మడుస్తాడు. "నా గ్రూపూ అదే!" చదివేవాళ్ల కళ్లలో నీళ్లు. మా ఆవిడైతే ఆ రాత్రి ఉయ్యాల ఊపడం మానేసింది, మనవడు లేచి ఊరంతా లేపాడు.

రక్తం ఇచ్చేది తండ్రే అయితే చెప్పుకోవాల్సింది ఒకటుంది. దగ్గరి రక్తసంబంధీకుల రక్తం ఎక్కిస్తే అందులోని తెల్లకణాలు ఒక్కోసారి కొత్త ఒంట్లో పాగా వేసి ఆ ఒంటి మీదకే తిరగబడతాయి. అందుకే తండ్రి రక్తం బిడ్డకి తిన్నగా ఎక్కించరు, ముందు రేడియేషన్ పెట్టాలి. అంటే ఆ ఆసుపత్రిలో ఆ పిల్లవాడికి అందరికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన రక్తం హీరోదే. ఇక ఆ అరుదైన గ్రూపు చాలా కథల్లో "బాంబే గ్రూపు". 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన తోటివాళ్లు బయటపెట్టారు గనక ఆ పేరు. మన దేశంలో పదివేల మందిలో ఒకరికి ఉంటుందంటారు. అది తండ్రి ఒక్కడి వల్ల బిడ్డకి రాదు, తల్లి వైపు నుంచి కూడా ఆ లక్షణం దిగాలి. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ అంత అరుదైనది ఉందంటే, వీళ్లిద్దరూ ఏ మేనరికపు చుట్టాలో ముందు ఆరా తీయాలి. కరెంటు పోయిన రాత్రి ఇంటిపేర్లు అడిగి ఉంటే వరసలు తేలేవి. ఆ పెళ్లేదో పెద్దవాళ్లే చేసేవాళ్లు, మనకీ నాణేలు మిగిలేవి.

ఈ తంతు ఈ ఫోన్లలో పుట్టిందనుకునేరు. ఆ పాపం వీటికి అంటగట్టడం అన్యాయం. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వేలాడే రవివర్మ బొమ్మ గుర్తు తెచ్చుకోండి. మేనక పసిపిల్లని చూపిస్తుంటే విశ్వామిత్రులవారు మొహం తిప్పుకుని చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు. సృష్టికి ప్రతిసృష్టి చేసినవాడు, తన సృష్టిని మాత్రం చూడనన్నాడు. ఆ పిల్లే శకుంతల. ఆమెకి దొరికిన మొగుడూ ఆ బాపతే. అంటే మనకిది వంశపారంపర్యం.

దుష్యంతుడి ఫైలు మాత్రం చదివి తీరాల్సిన ఫైలు. భారతంలో ఉంగరమూ లేదు, శాపమూ లేదు. ఆయనకి అంతా గుర్తుంది. గుర్తుండే, నిండుకొలువులో నువ్వెవరు, వీడెవడు అన్నాడు. శకుంతల ఊటీ వెళ్లిపోలేదు. నిలబడి అడిగింది. నన్నయగారు ఆమె చేత లెక్క చెప్పించారు: నూరు నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటే ఒక్క నిజం మాట. తెలుగులో నాకు తెలిసి ఇంత శుభ్రమైన ఆడిట్ పేరా ఇంకోటి లేదు. ఆకాశవాణి ధ్రువీకరించాక గానీ రాజుగారు ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఏమన్నాడంటే, నాకు ముందే తెలుసు, లోకం అనుమానిస్తుందని ఊరుకున్నానన్నాడు! పై అధికారి సంతకం కోసం ఫైలు ఆపానని చెప్పే గుమాస్తాని నేను ఇలాంటి సంజాయిషీతో ఎన్నిసార్లు చూశానో.

కాళిదాసుగారు వచ్చి ఆ ఫైలు మార్చేశారు. దూర్వాసుడి శాపం తెచ్చారు, ఉంగరం తెచ్చారు, చేపని తెచ్చారు, చేప పొట్ట కోసిన జాలరిని తెచ్చారు, పాపం ఆ జాలరిని రాజభటుల చేత కొట్టించారు కూడా. అందరూ దోషులే, రాజు తప్ప. మహానుభావుడు, కవికులగురువు, ఆయన మీద అభ్యంతరం రాసేంతవాణ్ణి కాను. కానీ బకాయి మొత్తాన్ని మతిమరుపు ఖాతాలో రద్దు చేసే పద్ధతి అక్కడే నేర్పారు. చివర్లో తండ్రీకొడుకుల కలయిక చూడండి. కుర్రాడు సింహం పిల్ల నోరు తెరిచి పళ్లు లెక్కపెడుతుంటాడు. వాడి చేతి రక్షరేకు జారిపడుతుంది. తల్లిదండ్రులు కాని వాళ్లు ముట్టుకుంటే అది పామై కరుస్తుంది. రాజు తీస్తాడు, కరవదు. డీఎన్ఏ రిపోర్టు వచ్చేసింది! లిఫ్టులో సొట్టకీ దీనికీ తేడా ఏమన్నా ఉందేమో మీరే చెప్పండి.

న్యాయస్థానం దారి ఒకటుంది గానీ అది ఈ కథల్లోకి ఎక్కదు. పెళ్లయినా కాకపోయినా పుట్టిన బిడ్డని తండ్రి పోషించాల్సిందేనని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 125 చెప్పింది, 2024 జులై 1 నుంచి అదే మాట దాని చోట వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 144 చెబుతోంది. హీరోయిన్లు కేసు వెయ్యరు, ఆత్మాభిమానం. కథల్లో తండ్రులకి మూడు కంపెనీలూ ఒక హెలికాప్టరూ ఉంటాయి. కోర్టుకొచ్చే తండ్రులకి మాత్రం వాయిదా వాయిదాకీ జీతం తగ్గిపోతూ ఉంటుంది.

ఇదంతా భోజనాల దగ్గర మా ఆవిడకి వివరించాను. ఆవిడ పెరుగు వడ్డిస్తూ ఊఁ కొట్టింది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి అల్లుడి కేక వినపడింది. "మామయ్యగారూ, ఒక్కసారిలా వస్తారా!"

అతను సాఫ్ట్‌వేరు. కేంద్ర ప్రభుత్వంలో అయితే తండ్రికి పదిహేను రోజుల సెలవుంది. ప్రైవేటులో అలా ఇచ్చి తీరాలన్న చట్టం లేదు గనక వాళ్ల కంపెనీ దయతల్చి అయిదు రోజులిచ్చింది. అవాళ నాలుగో రోజు. మా అమ్మాయి నీళ్లు పోసుకుంటోంది. మంచం మీద రబ్బరు గుడ్డ, దాని మీద మనవడు, వాడి కింద ఆవపిండి రంగులో వాడి స్వయంకృషి. అల్లుడి ఎడం చేతిలో వాడి కుడికాలు ఉంది. రెండు కాళ్లూ ఒకే చేత్తో పట్టుకుంటే విరుగుతాయేమోనని భయం. "ఆ కాలు మీరు పట్టుకోండి మామయ్యగారూ, నేను తుడుస్తాను." పట్టుకున్నాను. నా బొటనవేలంత లేదు ఆ పాదం. వాడు ఒక్క తన్ను తన్నాడు, నా కళ్లద్దాలు పోయి రబ్బరు గుడ్డ మీద పడ్డాయి. ఎక్కడ పడ్డాయో చెప్పక్కర్లేదు. అల్లుడు డైపరు తొడిగాడు. ముందుది వెనక్కి తొడిగాడు. పది నిమిషాల్లో మళ్లీ మార్చాం. ఆ చెమట పట్టిన మొహంలో ఎక్కడా ఏదీ తెగినట్టు కనపడలేదు, మామూలు భయం తప్ప.

అద్దాలు కడుక్కుని వచ్చి కూచుంటే మా ఆవిడ అడిగింది. "ఏవండీ, ఆ కాలు పట్టుకోవడం మీకిదే మొదలా?"

"అదేంటి, మనకి ఇద్దరు ఆడపిల్లలు."

"అందుకే అడిగాను."

మా రోజుల్లో పద్ధతి వేరని చెప్పబోయాను. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి పంపడం, పురుటి మైల పది రోజులు, బారసాల నాడు కొత్త బట్టలు కట్టుకుని మొగుడు రావడం, పీట మీద కూచుని బియ్యంలో పేరు రాయడం, సాయంత్రం బస్సుకి వెళ్లిపోవడం, అయిదో నెలలో తల్లీబిడ్డల్ని తెచ్చుకోవడం. మన ఆచారమే మొగుడికి అయిదు నెలల సెలవు రాసిపెట్టింది. ఈ కోటీశ్వరులు అయిదు నెలల్ని అయిదేళ్లు చేసుకున్నారు, అంతేగా.

"బారసాలకి మీరు రాలేదు," అంది. "పెద్దది పుట్టిన ముప్ఫై నాలుగో రోజున వచ్చారు."

"మార్చి నెలాఖరు. ఆర్థిక సంవత్సరం ముగింపు. కొత్తపేట కాంపులో ఉన్నాను."

"పెద్దది పుట్టింది శ్రావణమాసంలో."

నేను మజ్జిగ తాగాను.

"కొత్తపేట నుంచి భీమవరం పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి రావచ్చు. వస్తూ ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. చంటిపిల్లకి."

"పూతరేకులకి పళ్లక్కర్లేదుగా," అన్నాను, ఆడిట్ అభ్యంతరానికి అప్పటికప్పుడు తోచిన జవాబుగా.

ఆవిడ నవ్వలేదు. ఉయ్యాల దగ్గరికి వెళ్లి తాడు అందుకుంది. "మీ సంచీ నేనే సర్దాను ఆ రోజు. పైన ఒక కాగితం ఉంది. టీఏ బిల్లు. కొత్తపేట నుంచి భీమవరం, రానూ పోనూ. ఎందుకు వెళ్లారు అన్న చోట, ఆఫీసు పని మీద అని రాశారు."

"సాంక్షన్ అయిందా?" అని అలవాటు కొద్దీ అడిగాను.

"నన్నడుగుతారేం?" అంది. తర్వాత ఫోను నా వైపు చాపింది. హీరో పిల్లవాణ్ణి స్కూల్లో దింపడానికి మొదటిసారి బయల్దేరుతున్నాడట, అక్కడ ఆగిపోయింది. నాణేలైపోయాయి.

కొన్నాను.